ఓస్, ఇంతేగా బాబాయి

ట్రాక్టరున్న ప్రతి ఊళ్లోనూ ఈ బాబాయి ఒకడుంటాడు. వెనక టైరు అరిగి కొత్తది తెచ్చాక, దాన్ని ఎక్కించడానికి షాపు కుర్రాణ్ణి పిలవడమంటే ఆయనకు తలవంపులు. "ఓస్, ఇంతేగా! మన చేతులేమైనా పడిపోయాయా?" అంటాడు. చేతులు మాత్రం ఎదురింటి కుర్రాళ్లవి. జాకీ పక్కింటిది, లివర్లు అవతలి వీధివి, సమ్మెట కమ్మరిది. బాబాయి సొంత సరంజామా గొంతొక్కటే.

13.6-28 సైజు టైరంటే స్కూటరు టైరు కాదు, నిలబెడితే మనిషి ఛాతీదాకా వస్తుంది. చక్రం నేలమీద ఉండగానే నట్లు వదులు చేసుకోవాలి. బాబాయి ముందు జాకీ ఎత్తిస్తాడు. పానా తిప్పితే చక్రమే తిరుగుతుంది. "బలం కాదురా, కిటుకుండాలి!" అని కుర్రాళ్లను కసురుతాడు. ఆ కిటుకేమిటో చెప్పడు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలన్న బుద్ధి మాత్రం పిన్నిది.

దుక్కిలో పట్టు కోసం ట్యూబులో ముప్పాతికవంతు నీళ్లు నింపించిన సంగతి, వాల్వు పిన్ను ఊడదీశాక గానీ ఆయనకు గుర్తుకు రాదు. చివ్వున చిమ్మిన నీళ్లకు ఇస్త్రీ పంచె తడిసి ముద్దవుతుంది. "చూశారా, చుక్క తగ్గలేదు!" అని ట్యూబును మెచ్చుకుంటాడు.

తర్వాత బీడు, అంటే టైరు అంచు. తుప్పుతో రిమ్ముకు అంటుకుపోయి ఉంటుంది. దాన్ని విడగొట్టి, ఒకవైపు రిమ్ము నడుమ పల్లంలోకి తొక్కిపెడితే, రెండోవైపు లివరుకు లొంగుతుంది. ఇది షాపు కుర్రాడికి తెలుసు. బాబాయికి సమ్మెట తెలుసు. సాయంత్రానికి టైరైతే ఊడుతుంది గానీ, చిల్లన్నదే లేని ట్యూబుకు లివర్లు గిచ్చి మూడు చిల్లులు పడతాయి. ట్యూబును గోనెసంచిలో చుట్టి, "ఎవరిదని అడిగితే చెప్పకు" అంటూ అదే షాపుకు పంపిస్తాడు.

ఈలోగా అరుగు మీద పదిమంది చేరతారు. రెండు విడతలు టీ, ఒక గంగాళం పులిహోర ఖర్చవుతాయి. షాపువాడి కూలి ఇందులో సగముండదు. బాబాయికీ ఆ లెక్క తెలుసు. కానీ షాపువాడొస్తే పని గంటలో తెమిలిపోతుంది. ఇక ఏడాది పొడుగునా రచ్చబండ దగ్గర చెప్పుకోవడానికేం మిగులుతుంది?

చీకటి పడేవేళకు చక్రం ఎక్కుతుంది. టైరు మీది రబ్బరు పట్టీలు బాణంలా ఉంటాయి. చక్రం ముందుకు దొర్లేటప్పుడు ఆ మొన ముందుగా నేలను తాకాలి, అప్పుడే మట్టి పక్కలకు జారి పట్టు చిక్కుతుంది. ఎడమ టైరు బాణం ముందుకు, కుడి టైరు బాణం వెనక్కు ఉన్నాయని ఓ పిల్లాడు వేలెత్తి చూపిస్తాడు.

బాబాయి తొణకడు. "కావాలనే వేశానురా. రివర్సులో పట్టు చూడు, అదిరిపోతుంది!"

పులిహోర గంగాళం తోముతున్న పిన్ని తలెత్తదు. "అయితే రేపు దుక్కి కూడా వెనక్కే దున్నుకు రండి."