పదిలో ఎంత మామా?

మా అంగళ్లు సంతలో పశువు ధర నోటితో ఎవరూ అనరు. కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ ఒకే తువ్వాల కిందికి దూరతాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, గుప్పెడు మొత్తం పట్టుకుంటే అయిదు. వందలా వేలా అనేది పశువును చూసి ఎవరికి వాళ్ళు తెలుసుకోవాల్సిందే. చుట్టూ ఇరవై మంది మెడలు సాచి చూస్తున్నా ఆ రెండు చేతులకు తప్ప మూడో మనిషికి అంకె తెలియదు. ఆ తువ్వాల గల మనిషి కురబలకోట మండలంలో ఏ పల్లెకు పోయినా ఒకడు దొరుకుతాడు. మా పల్లెలో ఉన్నాయన నాకు వరసకు మామ. ఊరంతటికీ బేరాల మామ.

ఈ జాతిని గుర్తుపట్టడానికి పండ్లూ సుడులూ చూడనక్కర్లేదు. ముందుగా ధర చెప్పడు, అంతే. టైమెంత మామా అని అడిగితే, "నీ సెల్లులో ఎంతుండాది, ముందు నువ్వు చెప్పు" అంటాడు. మదనపల్లె బస్సులో సీటు దొరక్కపోతే, నిలబడి వచ్చేదానికి కూడా అదే టికెట్టా అని కండక్టరును కదిరి రోడ్డు పొడుగునా అడుగుతాడు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 దాకా ఎక్కినప్పుడు, తనకు సెంటు భూమి టమాటా లేకపోయినా, రోజూ మండీకి పోయి వేలం పాట విని వచ్చేవాడు. కచేరీకి పోయినట్టే.

అట్లాంటి మనిషికి కుడి భుజం పోయింది. పలుపు చేతికి చుట్టుకోవద్దని కుర్రోళ్ళకు చెప్పే మనిషే, ఆ రోజు చుట్టుకున్నాడు. రోడ్డు మీద లారీ హారను కొట్టింది. నాలుగు పండ్ల కోడె ఎగిరి పరిగెత్తింది. మామ చెయ్యి కొంతదూరం దానితోపాటే పోయి వచ్చింది. లోపల పాత గుడ్డ చినిగినట్టు చప్పుడైందని ఇప్పటికీ చెప్తాడు. అంత నొప్పిలోనూ, "చూస్తివా దాని బలం!" అని కొనేవాడితో అని, ఎడమచేత్తో ఇంకో వెయ్యి ఎక్కించినాడంట. నేను నమ్ముతాను.

తర్వాత చెయ్యి పైకి లేవలేదు. చొక్కా తొడుక్కోవడానికి అత్త కావాలి, తల దువ్వుకోవడానికి అత్త కావాలి. పగలు ఎట్లనో గడిచేది, రాత్రి పక్క మీద వాలితే మొదలు. ఈ భుజం నొప్పుల గుణమే అంత, చీకటి పడినాకనే వాటి సంత. రెండు నెలలు జిల్లేడాకు కాపడం, ఆముదం, ఎవరో తెచ్చిన నల్ల తైలం. పుత్తూరుకు కూడా పోయినాడు. పసరూ కోడిగుడ్డు సొనా వెదురుబద్దలూ పెట్టి కట్టే పుత్తూరు కట్టు పేరు చిత్తూరు జిల్లాలో చెప్పాల్సిన పని లేదు. కానీ అది విరిగిన ఎముకకు. ఈయన ఎముకకు ఏమీ కాలేదు. ఎక్స్‌రేలో భుజం పెండ్లికొడుకు మాదిరి ఉంది. ఎమ్మారై తీసినాక గానీ అసలు సంగతి బయటపడలేదు.

తిరుపతిలో ఒక ఆసుపత్రికి తోడుపొమ్మని అత్త నన్ను పట్టుకుంది. డాక్టరు కుర్రాడే, ఓపిక గలవాడు. భుజం కీలు అంటే లోతు లేని ప్రమిద మీద నిలబెట్టిన టమాటా అన్నాడు (మేము మదనపల్లె నుంచి వచ్చినామని తెలుసుకున్నట్టుంది). అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే ఒంట్లో ఏ పెద్ద కీలూ తప్పనన్ని సార్లు భుజం గూడ తప్పుతుంది. ఆ టమాటా జారకుండా నాలుగు కండరాల కొసలు చుట్టూ పట్టుకుని ఉంటాయి, దాన్నే రొటేటర్ కఫ్ అంటారు. మామకు అందులో పై కొస ఎముక నుంచి ఊడిపోయింది. ఎముకలో చిన్న మేకులు దించి, వాటి దారాలతో ఆ కొసను మళ్ళీ ఎముకకు కట్టాలి.

"గుంజ పాతి పలుపు కట్టినట్టు" అన్నాడు మామ.

డాక్టరు ముఖం వెలిగింది. "అంతే పెద్దాయనా! అయితే గుంజ పాతిన రోజే ఎద్దును కడితే?"

"పీక్కోని పోతాది."

"అందుకే ఆరు వారాలు చెయ్యి సంచిలోనే ఉండాలి."

"నాలుగు."

"ఆరు."

"నీ మాటా వద్దు, నా మాటా వద్దు. అయిదు."

"నేను ఒప్పుకున్నా ఎముక ఒప్పుకోదు కదా."

"అయితే ఎముకతోనే మాట్లాడతా, ఆ బొమ్మ ఇట్లియ్యి" అని ఎమ్మారై ఫిల్ము లాక్కున్నాడు.

అసలు బేరం అప్పటికింకా మొదలే కాలేదు. డాక్టరు మామూలుగా అడిగే ప్రశ్న అడిగినాడు. సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే అంతకు మించిన నొప్పి ఉండదు, మీకు పదిలో ఎంత?

మామ భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. నాకు కాళ్ళు చల్లబడినాయి. ఆయన లెక్క నాకు తెలుసు. ఎక్కువ చెప్తే బిల్లు పెరుగుతుంది, తక్కువ చెప్తే సరుకును లెక్కచెయ్యరు.

"నువ్వెంతనుకుంటా ఉండావు సామీ?"

"నొప్పి మీది కదా?"

"సరుకు నాదే. చూసినోడివి నువ్వు. నువ్వే ముందు చెప్పల్ల."

"ఏడు అనుకోవచ్చా?"

"ఏడా! రెండు నెలల నొప్పి సామీ, రాత్రిళ్ళు మేపింది నేను. ఏడుకిస్తే నాకేం మిగల్తాది?"

వెనక క్యూలో మూడు మోకాళ్ళూ ఒక నడుమూ ఎదురుచూస్తున్నాయి. బేరం ఏడున్నర దగ్గర తెగింది. డాక్టరు కాగితం మీద ఏం రాసుకున్నాడో మామకు చూపించలేదు, మంచిపని చేసినాడు. ప్యాకేజీ మాట వచ్చినప్పుడు మాత్రం మామ ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు. పెద్ద కోత అయితే సరే, చిన్న బొక్కలు పెట్టి కెమెరాతో చేసేదానికి అంత రేటా? బొక్కకు ఎంత పడుతుందో విడివిడిగా రాసిమ్మన్నాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఒక టీకి బేరం పెట్టి ఓడిపోయినాడు. మెడ పక్కన సూదితో నరాలకు మత్తిచ్చి, తర్వాత మనిషికి కూడా ఇచ్చినారు. బయటికొచ్చేసరికి కుడిచెయ్యి తడిసిన గోనెసంచి మాదిరి పడి ఉంది, ఎవరి చెయ్యో అన్నట్టు. ఆ పక్క కనురెప్ప కొంచెం వాలింది. గొంతు బొంగురుపోయింది. అత్త ఏడుపు అందుకుంది. ఆ మత్తు పక్క నరాలకు కూడా పాకితే కొందరికి ఇట్లవుతుందని, మందు దిగేకొద్దీ అదే సర్దుకుంటుందని నర్సు చెప్పింది. నాకైతే ఆ పూట వార్డు చాలా ప్రశాంతంగా అనిపించింది. గొంతు లేని దళారిని చూడటం అదే మొదలు.

నర్సు ఇంకో మాట కూడా చెప్పింది. ఇప్పుడు నొప్పి లేదని మోసపోవద్దు, మత్తు దిగక ముందే బిళ్ల వేసుకోవాలి, నొప్పి వచ్చినాక దాన్ని పట్టుకోవడం కష్టం. మామ ఆ బిళ్లను దిండు కింద దాచినాడు. "పశువు లేంది గడ్డెందుకు?" అన్నాడు, బొంగురు గొంతుతోనే. రోజుకు మూడని రాసినది తాను ఒకటికి తెగ్గోసినానని నాకు గర్వంగా చెప్పుకున్నాడు.

రాత్రి రెండింటికి పశువు వచ్చింది. కొద్దికొద్దిగా కాదు, సంత మొత్తం ఒకేసారి. నర్సు పరుగున వచ్చి పదిలో ఎంత అని అడిగితే, పండ్లు బిగించి, "ఎంతకు ఏ మందిస్తావో... ముందు... అది చెప్పు" అన్నాడు. ఆ పిల్ల ఇంకేమీ అడక్కుండా సూది వేసింది.

ఇంటికొచ్చేటప్పుడు భాకరాపేట ఘాటులో ప్రతి మలుపుకూ డ్రైవరును ఒక తిట్టు తిట్టి, పీలేరులో వాడికి టీ ఇప్పించినాడు. పడుకుంటే భుజం ఒప్పుకోదు కాబట్టి నిద్రకు పడకకుర్చీ. వీపుకు దిండు, మోచేతి కింద ఇంకో దిండు. భుజానికి ఐసు కావాలంటే అంగళ్లు కాలేజీ ముందరి కూల్‌డ్రింకుల అంగట్లో బేరం. చూడవచ్చిన వాళ్ళలో ఆరోగ్యవరం సంగతి తెలిసిన ముసలాయన ఒకడు, క్షయకు మందుల్లేని రోజుల్లో అక్కడ నెలల తరబడి గాలీ విశ్రాంతే వైద్యమని, నీవి ఆరు వారాలే కదా అని ఓదార్చినాడు. అవి ఉచితమా అని మామ అడిగినాడు.

ఫిజియో అమ్మాయి మొదట నేర్పింది, ముందుకు వంగి చేతిని ఊరికే గంట నాలుక మాదిరి వేలాడనిచ్చి ఊపడం. దానికి కాడ్‌మన్ పేరు పెట్టి పిలుస్తారు. ఆయన బోస్టన్ డాక్టరు, ఊడిన ఈ కొసను 1909లోనే కుట్టినవాడు, 1934లో భుజం మీదనే ఒక లావుపాటి పుస్తకం వేసినవాడు. ఆపరేషన్ చేసిన ప్రతి మనిషినీ ఏడాది తర్వాత కూడా కనుక్కోవాలి, బాగయిందా లేదా బయటికి చెప్పాలి అని పట్టుబట్టి, తోటి డాక్టర్లతో చెడి, 1914లో పెద్దాసుపత్రి కొలువు వదులుకున్నాడు. ఇది మామకు చెప్తే నిజంగా బాధపడినాడు. "ఆవునమ్మినాక ఏడాదికి పోయి పాలిస్తా ఉందా అని అడిగే దళారి బతికి బట్టకడతాడా నాయనా?"

ఇంకోటి, పిడికిలి మూసి తెరవాలి, వేళ్ళు ఆడించాలి, ఎన్నిసార్లయినా. భుజం కదలకూడదు గానీ వేళ్ళకు అడ్డు లేదు. ఈ మాట వినగానే మామ కండ్లు మెరిసినాయి. నాలుగో వారం అంగళ్లు సంతలో ఎవరో చూసి వచ్చి చెప్పినారు. మెడకు సంచి, సంచి మీద తువ్వాల, ఆ తువ్వాల కింద కుడిచేతి వ్యాయామం జోరుగా సాగుతా ఉందని. ఒక జెర్సీ ఆవు చేతులు మారిందంట.

నాకు గుర్తుండిపోయింది మాత్రం అంతకు ముందుది, ఇంటికొచ్చిన రెండో రాత్రి. వసారాలో పడకకుర్చీ, పక్కన నులకమంచం మీద నేను. హార్సిలీ కొండ వైపు నుంచి చల్లగాలి. అత్త గడప లోపల నుంచి అడిగింది, ఎట్లుండాదయ్యా, ఎంతుండాది?

"రెండు. రెండు కూడా ఉండదు. పొయ్యి పడుకో" అన్నాడు మామ గట్టిగా.

అంటానే నా చెయ్యి పట్టి తువ్వాల కిందికి లాగినాడు. సంచిలో నుంచి ఆ కుడిచేతి వేళ్ళు వచ్చి నా గుప్పెడంతా పట్టుకున్నాయి. వదిలి, మళ్ళీ మూడు వేళ్ళు పట్టుకున్నాయి. చేతులు చెమట పట్టి ఉన్నాయి. ముఖం వీధి వైపు తిప్పుకున్నాడు. నేనేమీ మాట్లాడలేదు, తువ్వాల కింద మాట బయట అనకూడదు గదా.

అత్త నీళ్ళ చెంబుతో వచ్చి నిలబడింది. అరచేతిలో బిళ్ల.

"ఎనిమిదా, తొమ్మిదా?" అనింది నన్ను చూసి.

నేను మామ వైపు చూసినాను.

"ఆయన్నేం చూస్తావు అబ్బోడా. ముప్పైయేండ్లుగా ఆ తువ్వాల ఉతికేది నేను."

మామ ఎడమచెయ్యి చాపి బిళ్ల తీసుకున్నాడు. దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"ఒకటేనా?" అన్నాడు.