ఇంట్లో సైకిల్: ఆరంభశూరులకు అనుభవజ్ఞుడి చిట్కాలు

గచ్చిబౌలిలో పద్నాలుగో అంతస్తు మాది. బాల్కనీలో నిలబడితే సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు దాకా బ్రేక్ లైట్ల తోరణం కనిపిస్తుంది. ఎండాకాలం ఎండ, వానాకాలం వాన, పన్నెండు నెలలూ ట్రాఫిక్. ఇవన్నీ చూసి, సైకిల్ వెనక చక్రాన్ని స్టాండుకి బిగించి ఉన్నచోటే తొక్కే ట్రైనర్ ఒకటి కొన్నాను. రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఐదుసార్లు మొదలుపెట్టాను. అందుకే మొదలుపెట్టడంలో నాకున్న అనుభవం రోజూ తొక్కేవాళ్లకు ఉండదు. పాపం, వాళ్లు ఒక్కసారే కదా మొదలుపెట్టింది!

1. ముందు కొనండి, తర్వాత కొలవండి

ఉన్న సైకిల్‌కి మామూలు ట్రైనర్ తగిలించి నెల రోజులు చూద్దాం అనేవాళ్లు పిసినారులు. వెనక చక్రం ఊడదీసి, చైనును నేరుగా ట్రైనర్‌కే ఎక్కించే డైరెక్ట్ డ్రైవ్ రకమే తీసుకోండి. మీ సైకిల్ ఇరుసు క్విక్ రిలీజా, త్రూ యాక్సిలా, వెనక పళ్లచక్రాలు ఎన్ని అన్నవి డబ్బు కట్టాక చూసుకోవచ్చు. తర్వాత నేను అదీ కొన్నాను, నాకు కుదరలేదు. వేరే పళ్లచక్రాల క్యాసెట్ వచ్చేదాకా మూడు వారాలు ఆ అట్టపెట్టె మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకున్నాం. ఎత్తు సరిగ్గా సరిపోయింది.

2. గుబ్బల టైరే ముద్దు

చక్రం ఉంచి తొక్కే ట్రైనర్ అయితే నున్నటి టైరు వేయమంటారు. వినకండి. కొండలెక్కే సైకిల్‌కుండే గుబ్బల టైరు రోలర్ మీద తిరుగుతుంటే గదంతా గర్జిస్తుంది. అప్పుడే కష్టపడుతున్నట్టు ఉంటుంది. కింద రబ్బరు మ్యాట్ కూడా వేయకండి. ఇది నా రెండో ఆరంభం నాటి మాట. అమెరికా కాల్ ముగించి రాత్రి పదకొండింటికి ఎక్కాను. కింది ఫ్లాటాయన మెసేజ్ పెట్టారు: "సార్, ఇంత రాత్రివేళ పిండి రుబ్బుతున్నారా?" అవునన్నాను. మర్నాడు వాళ్లావిడ గిన్నె పట్టుకుని దోసెల పిండికి వచ్చారు.

3. సీటు నేలకు దగ్గరగా ఉండాలి

పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాచుకోవాలని, తర్వాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుందని, సీటు ఎత్తుకు అదే లెక్కని తెలిసినవాళ్లు చెబుతారు. మనం బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ నేలకానించి నిలబడే జాతి. హాల్లో సిగ్నల్ లేకపోయినా అలవాటు పోగొట్టుకోకూడదు. సీటు బాగా దించండి. వారంలో మోకాలి చిప్ప ముందువైపు నొప్పి మొదలైతే, కండ పెరుగుతోందని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

4. ఫ్యాన్ కట్టేయండి

తొక్కేటప్పుడు మనం ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతే పెడల్‌కి చేరుతుంది, మిగతాదంతా వేడి. రోడ్డు మీదైతే ఆ వేడిని ఎదురుగాలి ఊడ్చుకుపోతుంది. ఇంట్లో కదలం కనుక గాలీ కదలదు. ఒంటి చుట్టూ ఆవిరి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. అందుకే ముందు పెద్ద ఫ్యాన్ పెట్టుకోండి, ట్రైనర్ సంగతి తర్వాత అంటారు. మీరు మాత్రం తలుపులు కూడా మూసేయండి. మే నెలలో ఓసారి ఒక్క పూటలో కిలో తగ్గాను. రెండు చెంబుల మంచినీళ్లు తాగేసరికి ఆ కిలో తిరిగొచ్చింది. నీళ్లు తాగడమే నా పొరపాటు.

5. తువ్వాలు దండగ

ముక్కు కొస నుంచి జారిన చెమట బొట్టు ఎక్కడ పడుతుందో ఎప్పుడైనా చూశారా? హ్యాండిల్‌ను బిగించే స్టెమ్ బోల్టు మీద. బొట్టు బొట్టుగా ఆ ఆరు మూలల గుంటలో చేరి, ఆరి, తెల్లటి ఉప్పు పొర అవుతుంది. తర్వాత అదే చింతపండు పులుసు రంగుకు తిరుగుతుంది. హ్యాండిల్ మీద ఒక పాత తువ్వాలు పరిచి, దిగగానే తడిగుడ్డతో తుడిస్తే ఇదంతా ఉండదు. కానీ తుప్పు పట్టిన సైకిల్ చూసినవాళ్లకి "ఎంత తొక్కాడో!" అనిపిస్తుంది. ఆ పేరు ఎలా పోగొట్టుకుంటాం?

6. తొలిరోజే ఆల్ప్స్

కొత్తలో వారానికి మూడురోజులు, పూటకు ఇరవై నిమిషాలు, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం చాలట. అదేం సంకల్పం! జనవరి ఒకటిన ఇంట్లో తొక్కేవాళ్ల యాప్ జ్విఫ్ట్ తెరిచి అల్ప్ దు జ్విఫ్ట్ ఎక్కండి. ఫ్రాన్స్‌లోని అల్ప్ ద్యుయెజ్‌కి అది కంప్యూటర్ నకలు. 21 మలుపులు, 12 కిలోమీటర్లు, వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు. నేను రెండో మలుపు దాకా వెళ్లాను. రోడ్డు మీదైతే పల్లం వస్తుంది, గుంట వస్తుంది, సీటు మీంచి లేస్తాం. ఇక్కడ ఏదీ రాదు కనుక పది నిమిషాలకోసారి లేచి తొక్కమంటారు. లేవకండి. మర్నాడు ఆఫీసులో ఎలాగూ రోజంతా నిలబడే ఉంటారు.

7. సోలార్ ట్రాక్ వైపు చూడకండి

ఔటర్ సర్వీసు రోడ్డు వెంట 2023 అక్టోబర్ 1న సైకిల్ ట్రాక్ తెరిచారు. తెరిచినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు, 4.5 మీటర్ల వెడల్పు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. చాలా మేరకు నెత్తిన సోలార్ పలకల నీడ, వాటి సామర్థ్యం 16 మెగావాట్లు. ఆదివారం పొద్దున ఒకసారి అక్కడ తొక్కొస్తే, వారమంతా ఇంట్లో తొక్కడానికి ఉత్సాహం వస్తుందని మా టీమ్ కుర్రాడు అంటాడు. అందుకే వెళ్లొద్దంటున్నాను. ఉత్సాహం వస్తే తొక్కాల్సి వస్తుంది.

8. లెక్కకెక్కనిది చేయకండి

మొన్న ఐదో ఆరంభం చేశాను. మూడో నిమిషంలో కరెంటు పోయింది. జనరేటర్ లైట్ వెలిగింది కానీ వైఫై పోయింది, ఫోన్ లోపల చార్జింగ్‌లో ఉంది. తెర మీద నా బొమ్మ కొండ మధ్యలో ఒక కాలు ఎత్తి ఆగిపోయింది. దిగడానికి బద్ధకమేసి అలాగే తొక్కాను. బాల్కనీ తలుపులోంచి గాలి వస్తోంది. చైను సన్నగా చప్పుడు చేస్తోంది. మా అమ్మాయి వచ్చి ఎదురుగా చాప మీద కూర్చుని, స్కూల్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో చెప్పడం మొదలెట్టింది. తను చెప్పడం ఆపేసరికి మొత్తం ఇరవై రెండు నిమిషాలైంది. చెమట పట్టింది, మోకాలు నొప్పి లేదు, మాట తడబడలేదు.

కరెంటు వచ్చాక చూస్తే యాప్‌లో మూడు నిమిషాలే ఉంది. మిగతా పందొమ్మిది నిమిషాలూ దండగ. ఈ తప్పు మీరు చేయకండి. నేనూ చేయకూడదనే అనుకుంటున్నాను, కానీ ఆ తగాదా ఇంకా పూర్తి కాలేదట. రేపు రాత్రి మిగతాది చెబుతానంది.