అద్దాల గదిలో అమరావతి

అమరావతి శిల్పాలన్నీ చూడాలంటే గుంటూరులో బస్సెక్కితే చాలదు, వీసా కావాలి. 1859లో ఓడెక్కిన పలకలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం అద్దాల గదిలో చల్లగా ఉన్నాయి. పేరు అమరావతి, అడ్రసు లండన్!

తిరిగిమ్మంటే 1963 నాటి బ్రిటిష్ చట్టం ఒప్పుకోదట. ఆ చట్టం రాసుకున్నదీ వాళ్లే. పట్టుకెళ్లేటప్పుడు ఏ చట్టమూ అడ్డు రాలేదు మరి.

మనమూ తక్కువ తినలేదు లెండి. దొరల కళ్లు పడకముందే అక్కడి జమీందారు గారి మనుషులు ఆ రాళ్లు పీకి కట్టడాలకు వాడేశారు. అయినా పక్కింటాయన మన బిందె పట్టుకెళ్లి, 'మీకు తోమడం రాదు' అంటే ఊరుకుంటామా?

లండన్ తెలుగువాళ్లూ, ఓసారి వెళ్లి చూసి రండి. మన సొత్తు చూడ్డానికి టికెట్ మాత్రం అడగరు.