మేకు పీకే ముందు

కారు టైరులో మేకు కనబడగానే మనిషి చెయ్యి దాని మీదికే పోతుంది. పీకెయ్యాలి. కాల్లో ముల్లు దిగితే పీకుతాం కదా, టైరులో దిగినదాన్ని మాత్రం ఎందుకు ఉంచాలి అనే తర్కం వినడానికి బాగానే ఉంటుంది. కానీ ట్యూబ్‌లెస్ టైరులో దిగిన మేకు తాను చేసిన బెజ్జానికి తానే బిరడా. అది అక్కడ ఉన్నంతసేపూ గాలి నిదానంగా, ఒక్కోసారి రోజుల తరబడి దిగుతుంది. ప్లయరు పెట్టి పీకిన మరుక్షణం బుస్సుమంటుంది, కాసేపట్లో కారు ఒక మూలకు కుంగుతుంది. అంతకుముందు షాపు దాకా పోగలిగిన బండి కోసం ఇప్పుడు షాపే నడిచి రావాలి. ఇంట్లో పంచర్ వేసుకోవడం మేలా, షాపుకు పోవడం మేలా అనే చర్చ మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో సాధారణంగా ఈ పీకుడు అయ్యాకే మొదలవుతుంది. అప్పటికి చర్చించడానికి ఏమీ మిగలదు గానీ, చర్చ మాత్రం జోరుగానే సాగుతుంది.

ఇంటి పక్షం వాదన ముందు వినాలి, ఎందుకంటే వాళ్ల దగ్గర సామగ్రి ఉంది. ఆన్‌లైన్‌లో 300, 400 రూపాయలకు దొరికే కిట్టులో అడ్డపిడి ఉన్న పనిముట్లు రెండుంటాయి. ఒకటి బెజ్జాన్ని గీకి శుభ్రం చేసే గుండ్రటి ఆకురాయి. రెండోది కొన చీలిన దబ్బనం. జిగురు స్ట్రిప్పును అందులో దూర్చి బెజ్జంలోకి దించుతారు. తోడుగా అయిదారు స్ట్రిప్పులు, చిన్న ట్యూబులో సొల్యూషన్. మేకు పీకాలి, ఆకురాయి దూర్చి తిప్పాలి, స్ట్రిప్పుకు సొల్యూషన్ రాసి కొసలు కాస్త బయటికి ఉండేలా దించాలి, దబ్బనాన్ని ఒక్క ఊపున వెనక్కి లాగాలి, మిగిలిన కొసలు కొయ్యాలి. పద్ధతి అంతే. షాపులో స్ట్రిప్పుకు సుమారు 100 నుంచి 150 రూపాయలు తీసుకుంటారు గనక మూడు నాలుగు పంచర్లకు కిట్టు ఖర్చు గిట్టిపోయి, ఆ పైన అంతా లాభమే. ఈ లెక్కలో చిన్న ఇబ్బంది ఉంది: లాభం రావాలంటే పంచర్లు పడాలి. పంచర్ పడ్డప్పుడల్లా మనిషి సంతోషించేలా చేసే పెట్టుబడి బహుశా ఇదొక్కటే. పైగా ఒకసారి మూత తీసిన సొల్యూషన్ రెండో పంచర్ దాకా ఆగదు. డిక్కీ వేడికి ట్యూబులోనే గట్టిపడిపోయి, పిసికితే చప్పుడు చేస్తుంది తప్ప బయటికి రాదు.

వీడియోల్లో చూపించనిది మణికట్టు బలం. రేడియల్ టైరులో నేలకు ఆనే భాగం కింద ఉక్కు తీగల పొరలుంటాయి. సన్న మేకు వాటి మధ్య సందు చేసుకుని దూరిపోయింది. ఆకురాయికి ఆ సందు చాలదు. గొంతుక్కూర్చుని, చక్రం పైనున్న రేకు కింద చెయ్యి దూర్చి, ఒంటి బరువంతా వేసి నెడితే అది సగం దిగి బిగుసుకుంటుంది. ఇక ముందుకు పోదు, వెనక్కి రాదు. ఈలోగా ఫోనులో యూట్యూబ్ ఆయన పని ముగించి చేతులు కడుక్కుంటూ ఉంటాడు. వాచ్‌మన్ టార్చి పడతాడు. పై అంతస్తులోని రిటైర్డ్ ఇంజినీరుగారు దిగివచ్చి, "ఎడమకి తిప్పకండి, కుడికే తిప్పాలి" అంటారు. ఆయన చెప్పింది నిజానికి సరైనదే. అయినా ఆకురాయి కదలదు. షాపు కుర్రాడు ఇదే పనిని రెండు నిమిషాల్లో, ఫోను మాట్లాడుతూ చేసేస్తాడు. ఇక్కడికి షాపు పక్షం గెలిచినట్టే కనిపిస్తుంది.

కానీ ఆ కుర్రాడు చేసిందేమిటో ఒకసారి చూడండి. టైరు మీద సబ్బునీళ్లు పోశాడు, బుడగలు లేచిన చోట సుద్దతో గీత పెట్టాడు, మేకు పీకాడు. ఆ తర్వాత అదే ఆకురాయి, అదే దబ్బనం, అదే స్ట్రిప్పు. టైరు రిమ్ముకే ఉంది. మీరు సెల్లార్లో చెయ్యబోయి చెయ్యలేకపోయిన పనిని అతను పూర్తిచేసి పెట్టాడు. మీరిచ్చిన డబ్బు అతని కండబలానికీ, కంప్రెసరు కరెంటుకీ సరిపోయింది. అందుకే ఇల్లా, షాపా అని చోట్ల పేర్లు చెప్పుకుని వాదులాడుకోవడంలో పస లేదని నా అభిప్రాయం. అడగవలసింది ఒక్కటే: టైరు రిమ్ము నుంచి ఊడి వచ్చిందా, లేదా? రాకపోతే ఆ పంచర్ ఎక్కడ వేసినా ఇంటి పంచరే.

టైరు ఇలా ఊడి రావడం అనే వెసులుబాటు ఊరికే దొరకలేదు. దాని వెనక మిషెలిన్ కంపెనీ తన పుట్టుక గురించి చెప్పుకునే కథ ఒకటుంది. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాన్ ఫెరాన్ పట్నంలో ఉన్న వాళ్ల రబ్బరు ఫ్యాక్టరీకి ఒక సైకిలాయన పంచరైన టైరుతో వచ్చాడట. అది డన్‌లప్ 1888లో పేటెంటు తీసుకున్న గాలిటైరు. దాన్ని రిమ్ముకు జిగురుతో అంటించేవాళ్లు. ఊడదీసి అతుకు వెయ్యడానికి మూడు గంటలు, ఆరడానికి ఒక రాత్రి పట్టింది. తెల్లారి ఎడ్వార్ మిషెలిన్ ఆ సైకిలెక్కి తొక్కితే కొన్ని వందల మీటర్లకే మళ్లీ గాలి పోయింది. ఇంకొకరైతే సైకిలాయన్ని తిట్టి పంపేవారు. వీళ్లు మాత్రం 1891 కల్లా సులువుగా విప్పదగిన టైరుకు పేటెంటు తెచ్చుకున్నారు. ఆ ఏడాదే పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా పోయి తిరిగివచ్చే సైకిల్ పందెంలో ఆ టైర్లు వేసుకున్నవాడే నెగ్గాడు. అక్కణ్ణించి 60 ఏళ్లు లోకమంతా టైరు విప్పింది, ట్యూబు తీసింది, నీళ్ల తొట్టిలో ముంచింది, అతుకేసింది. 1952లో అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ ఇంజినీరు ఫ్రాంక్ హెర్జెగ్‌కు ట్యూబ్‌లెస్ టైరు మీద పేటెంటు వచ్చింది. ట్యూబు పోయింది, దాంతోపాటే టైరు కడుపులోకి తొంగిచూసే అలవాటూ పోయింది. బయటినుంచి ఓ ముక్క కూరితే బండి కదులుతున్నప్పుడు లోపల ఏముందో ఎవరికి కావాలి?

కావలసిన సంగతే ఉంది. గాలి బాగా తగ్గిన టైరు మీద కాస్త దూరం నడిపినా సైడ్‌వాల్ మడతపడి, నేలకూ రిమ్ముకూ మధ్య నలిగి, లోపలి రబ్బరు రాలిపోతుంది. అలాంటి టైరును విప్పితే అడుగున నల్లటి పొడి కనబడుతుంది, వేలు పెడితే అంటుకుంటుంది. బయటికి మాత్రం ఆ టైరు నిక్షేపంగా ఉంటుంది. గాలి కొడితే నిలుస్తుంది కూడా. హైవే మీద వేగం పెరిగి వేడెక్కినప్పుడు గానీ దాని అసలు సంగతి తెలియదు. బయట నిటారుగా కనిపించిన మేకు లోపల ఏటవాలుగా పోయి, గాలిని పట్టి ఉంచే పొరను చీల్చి ఉండొచ్చు. బెజ్జంలోంచి తడి దిగితే ఉక్కు తీగలు తుప్పు పడతాయి. అందుకే అమెరికా టైరు పరిశ్రమ నియమాల ప్రకారం బయటినుంచి వేసిన ఒట్టి స్ట్రిప్పు రిపేరు కిందికే రాదు. టైరు విప్పాలి, లోపల చూడాలి, కాడ బెజ్జంలోనూ తల లోపలి గోడకూ అతుక్కునేలా లోపలినుంచే ప్యాచ్ పెట్టాలి. మన షాపుల్లో దీన్ని మష్రూమ్ ప్యాచ్ అంటారు. బెజ్జం 6 మిల్లీమీటర్లు దాటినా, టైరు భుజం మీదో, అంటే నేలకు ఆనే భాగం సైడ్‌వాల్‌తో కలిసే అంచు మీదో, సైడ్‌వాల్ మీదో ఉన్నా ఇక మార్చడమే.

"మా బావమరిది స్ట్రిప్పు వేయించుకుని 30 వేల కిలోమీటర్లు తిరిగాడు, ఏమైంది?" అని అడిగేవారు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. ఏమీ కాలేదు, నిజమే. సన్న మేకు, సరిగ్గా నడిమధ్యన, నిటారుగా దిగి, గాలి పెద్దగా తగ్గకముందే కనిపెడితే బయటి స్ట్రిప్పు టైరు అరిగేదాకా నిలవడం మామూలే. కాకపోతే ఈ సాక్ష్యంలో ఒక లోపం ఉంది. స్ట్రిప్పు నిలవని బావమరుదులు ఈ కబుర్లు చెప్పరు. కొత్త టైరు కొన్న సంగతి వాళ్లు ఇంట్లో కూడా చెప్పరు. అదీగాక స్ట్రిప్పు గాలిని ఆపుతుందా అన్నది ఎప్పుడూ సందేహం కాలేదు, ఆపుతుంది. చుట్టూ ఉన్న టైరు ఏ స్థితిలో ఉందో చెప్పడం దాని వల్ల అయ్యే పని కాదు.

రెండో అభ్యంతరం బరువైనది. 2020లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిబంధనలు సవరించి, 3.5 టన్నులు మించని ప్యాసింజరు బళ్లలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటూ, టైరు రిపేరు కిట్టూ ఉంటే స్టెప్నీ ఇవ్వనక్కర్లేదంది. సర్కారే కిట్టు చాలంటుంటే మధ్యలో మీరెవరని అడగొచ్చు. స్టెప్నీ తీసేస్తే బరువు తగ్గుతుంది, ఎలక్ట్రిక్ బండిలో బ్యాటరీకి చోటు దొరుకుతుంది, కంపెనీకి ఒక చక్రం ఖర్చు కలిసొస్తుంది. అన్నీ మంచి కారణాలే, మీ టైరు క్షేమం మాత్రం అందులో లేదు. బండితో ఇచ్చిన పుస్తకం తెరిస్తే, ఇది తాత్కాలిక ఏర్పాటు, మెల్లగా నడుపుకుంటూ పోయి షాపులో చూపించండి అనే రాసి ఉంటుంది. కొన్నరోజు నుంచి ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరులోనే ఉంది కాబట్టి ఈ రహస్యం బయటికి పొక్కలేదు. ఇక సీసాడు జిగురు ద్రవాన్ని టైరులోకి ఎక్కించే రకం కిట్టయితే, తర్వాత టైరు విప్పి ఆ బంకంతా కడిగే షాపు కుర్రాడు మన ఏడు తరాలనూ తలుచుకుంటాడు.

మూడోది గొంతు తగ్గించి చెప్పేది: షాపువాళ్లు మోసం చేస్తారు. ఒక పంచరని పోతే నాలుగు తేలుస్తారు. సబ్బు నురగలో దబ్బనం మొన ఎక్కడెక్కడ తగిలిందో ఎవరు చూశారు? బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆఫీసు దారిలో మేకులు ఏరి, ఏరి, కిలోలకొద్దీ పోగేసి వార్తల్లోకెక్కాడు, కాబట్టి ఈ అనుమానం గాలిలోంచి పుట్టిందని అనలేం. అలాగని అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. హైవే పక్కన పాత టైరు వేలాడదీసి, అర్ధరాత్రి పిలిస్తే లుంగీ బిగించుకుంటూ లేచివచ్చే మనుషులు లేకపోతే మన తిరుపతి ప్రయాణాలు ఎన్నో నాయుడుపేట దగ్గరే ముగిసేవి. మన రోడ్ల మీద ఆ పనిలో మలయాళీలూ కనిపిస్తుంటారు, వాళ్లకు ఈ మొక్కుల పుణ్యంలో వాటా రావాలి. మోసానికి విరుగుడు ఏసీ వేసుకుని కారులో కూర్చోకుండా దిగి పక్కన నిలబడటం. అంతకంటే గట్టి విరుగుడు టైరు విప్పించడం. లోపలివైపు చూపించమని అడిగితే నాలుగు బెజ్జాల్లో రెండు వాటంతట అవే మూసుకుపోతాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు కథ తలకిందులు. అక్కడ బెజ్జం భుజానికి దగ్గరగా ఉందంటూ టైరు షాపువాడు రిపేరు చెయ్యనంటాడు, కొత్తది కొనుక్కోమంటాడు. డల్లాస్‌లో ఇల్లు కొన్నాయన కూడా ఆ మాటకు గుండె చేత్తో పట్టుకుని, "ఇదే మా ఒంగోల్లో అయితే..." అంటాడు. ఒంగోల్లో అయితే వేసేస్తారు, అనుమానమే లేదు. సైడ్‌వాల్ చిరిగి దారాలు కనిపిస్తున్నా "ఏం కాదు సార్" అనే అంటారు. వచ్చిన బేరాన్ని కాదనడం మన సంప్రదాయంలో లేదు. నా మట్టుకు, "ఇది కుదరదు, మార్చుకోండి" అని ఒక్కసారైనా అన్న షాపే నమ్మదగ్గది. ఆ షాపువాడే టైర్లు కూడా అమ్ముతుంటే మాత్రం ఆ నమ్మకంలో కొంత కోత పెట్టుకోవాలి.

మరి ఇంట్లో చెయ్యడానికి ఏ పనీ లేదా అంటే, ఉంది. గాలి చూసుకోవడం. మన దేశంలో గాలి కొలిచే సాధనం కుడికాలు. చిన్నకారు టైరులో 33 పీఎస్ఐ ఉండాల్సిన చోట 22 ఉన్నా తంతే కాలికి తేడా తెలియదు. కిట్టుకు పెట్టే డబ్బుతో గేజీ వస్తుంది, ఇంకొంత వేసుకుంటే కారు సాకెట్టుకు తగిలించే చిన్న గాలి మిషను వస్తుంది. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూస్తే మూడింటిలో 33 ఉండి నాలుగోదాంట్లో 27 ఉందనుకోండి, మేకు దొరికినట్టే. దాన్ని ముట్టుకోకుండా గాలి నింపుకుని నిదానంగా షాపుకు పోవచ్చు. ఆ బావమరిది అదృష్టం కూడా ఇలా ముందే కనిపెట్టినవాళ్లకే పడుతుంది. టైరు అప్పటికే నేలకు అంటుకుపోయి ఉంటే, దగ్గరే కదా అని రిమ్ము మీద ఈడ్చుకుపోకుండా స్టెప్నీ మార్చుకోవాలి. ఆ పని ఇంట్లో బండి నడిపే ప్రతివారికీ రావాలి. నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చెయ్యాలి. జాకీ ఎత్తాక పానా వేస్తే నట్టుతో పాటు చక్రమూ తిరుగుతుంది, చూసేవాళ్లకు కాలక్షేపం. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు బిగించాలి.

షాపులో "విప్పి లోపల చూడు, ప్యాచ్ లోపలినుంచే వెయ్యి" అంటే "ఏం అక్కర్లేదన్నా, అందరూ ఇట్లనే ఏయించుకుంటరు" అనే జవాబుకు సిద్ధపడాలి. ఖర్చు రెండు మూడింతలవుతుంది, అరగంట పడుతుంది, బ్యాలెన్సింగు కూడా చేయించుకోవాలి. అల్లాయ్ రిమ్ములైతే ఇనప పలుగులతో కాకుండా మిషను మీద విప్పే చోటికే పోవాలి. నాలుగైదు వేల రూపాయల టైరు, దాని మీద కూర్చుని ప్రయాణించే మనం, రెంటినీ కలిపి చూస్తే ఇది పెద్ద ఖర్చని నాకనిపించదు. ఎటూ పోయాం గనక స్టెప్నీకి కూడా గాలి కొట్టించెయ్యాలి. కాకపోతే దాన్ని బయటికి తియ్యాలంటే ముందు డిక్కీలోంచి గొడుగులు, క్రికెట్ బ్యాటు, సంక్రాంతికి ఊర్నుంచి తెచ్చి దించడం మరిచిన కొబ్బరికాయల సంచీ, ఎవరివో తెలియని చెప్పుల జత దింపాలి. ఇంట్లోవాళ్ల సాయం నిజంగా కావలసింది అప్పుడే.