సోమవారం బాబాయి

ఏలూరులో పేటకొక సోమవారం బాబాయి ఉంటాడు. రిటైరైన మనిషి. చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు, జేబులో రెండు పెన్నులు. ఒకటి తనకి, రెండోది కలెక్టరేట్ వరండాలో అర్జీ ఎలా రాయాలో తెలియక దిక్కులు చూసేవాళ్లకి. ప్రభుత్వం మారినప్పుడల్లా సోమవారాలు అర్జీలు తీసుకునే ఆ కార్యక్రమం పేరూ మారింది. మీకోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. బాబాయి మాత్రం ‘‘గ్రీవెన్సుకెళ్లొస్తానే’’ అని పిన్నికి వినపడేలా అరిచి స్కూటర్ తీస్తాడు.

ఊరికి ముందు ఏం కావాలో అడగండి, వేళ్లు మడిచి మరీ చెబుతాడు. మొదటిది డ్రైనేజీ. ఎక్కడి డ్రైనేజీ అంటే, వాళ్ల గేటు ముందుది. రెండోది సిమెంటు రోడ్డు, మెయిన్ రోడ్డు నుంచి వాళ్లింటి దాకా. ‘‘తర్వాత ఇంకో నాలుగిళ్లున్నాయి కదా బాబాయ్’’ అంటే, ‘‘నిధులుండొద్దట్రా? దశలవారీగా చెయ్యాలి’’ అంటాడు. చెత్తకుండీ అత్యవసరం, పక్క వీధిలో. అంగన్‌వాడీ కావాల్సిందే గానీ, ఆయన మధ్యాహ్నం నడుం వాల్చే వేళకి పిల్లలు ఏడవకూడదు. ఇక పేదల ఇళ్లంటే ఆయన గొంతు గద్గదమవుతుంది. టిడ్కో ఇళ్లలో 300, 365, 430 చదరపు అడుగుల రకాలున్నాయనీ, ఏది ఎవరికనీ కంఠతా చెబుతాడు. ‘‘కాకపోతే ఊరి బయట కట్టాలి. గాలీ వెలుతురూ బాగుంటాయి పాపం.’’

2021లో మా కార్పొరేషన్ ఎన్నికలకి మార్చి 10న ఓట్లేస్తే, కోర్టు వ్యవహారం తేలి జూలై 25న గానీ లెక్కపెట్టలేదు. ఎవరు గెలిచారో ఎవరికీ తెలియని ఆ నాలుగు నెలల్లో బాబాయి తన డివిజన్లో నిలబడ్డ ప్రతివాడికీ అర్జీ కాపీ అందించాడు. ఓడిపోయినవాళ్లు కూడా ఎక్‌నాలెడ్జ్‌మెంట్ సంతకం పెట్టక తప్పలేదు.

ఈయన జోరుకి కళ్లెం వేసేది బావమరిదే. ఆయనది కైకలూరు వైపు కొల్లేటి లంక గ్రామం. ఆయనకీ ఒక ఫోల్డరుంది. అందులో 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పటి కాగితాలు, కొల్లేరు హద్దు అయిదో కాంటూరా, మూడో కాంటూరా అన్న తగువు, ఉప్పుటేరు పూడిక. మొన్న కాపీలు మార్చుకుని చదువుకున్నారిద్దరూ.

‘‘ఏంటి బావగారూ, మురుగు వేగంగా బయటికి పోయేలా చెయ్యమని రాశారు. పోయి ఎక్కడ పడుద్దండీ?’’

‘‘తమ్మిలేట్లో.’’

‘‘అక్కణ్ణించి?’’

‘‘కొల్లేట్లో... కలుస్తుందనుకో.’’

‘‘అదే మరి! మా గుమ్మంలోకండి. మా నీళ్లు సముద్రంలోకి పోవడానికి ఆ ఉప్పుటేరొక్కటే దారి. అది తవ్వాకే మీ కాలవ బాగు చెయ్యమని నేను రాస్తున్నానండి.’’

పిన్ని ఉప్మా ప్లేట్లు తెచ్చి మధ్యలో పెట్టింది గనుక సరిపోయింది. అర్జీలు రెండూ అదే సోమవారం వెళ్లాయి. తాడేపల్లిగూడెంలో కాపురముంటున్న కూతురు ఫోన్ చేసి, ‘‘ఉల్లిపాయల లారీలు అడ్డమొచ్చి పిల్లల స్కూలు ఆటో కదలట్లేదు, నాదీ ఒకటి రాయి నాన్నా’’ అంది. రాశాడు, మూడో నంబరుగా.

నవ్వుతాం గానీ, 2020 డిసెంబరులో వన్ టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయి, ఆరేడు రోజుల్లో ఆరొందల మందికి పైగా ఆసుపత్రి పాలైనప్పుడు వీధిలో ఇంటింటికీ తిరిగి సంతకాలు పట్టింది ఈయనే. ‘మా కుళాయి నీళ్లు పరీక్ష చేయించండి’ అన్న ఆ కాగితంలో గేటూ లేదు, డ్రైనూ లేదు. నన్నడిగితే, తన గడప కోసమే అయినా అడిగే మనిషి అడగని పదిమంది కంటే మేలు.

మీ వీధిలో లైటు వెలగకపోయినా, కుళాయి రాకపోయినా శనివారంలోగా ఆయనకి రాసివ్వండి. వరసలో రెండో నంబరు అడగండి. మొదటిది ఖాళీ లేదు.