పదును లేని స్వేచ్ఛ

ఆ పోస్టరును మీరును చూచియే యుందురు. 'ఈజీ రైడర్' చూచి యువకులెల్లరు సంఘశృంఖలములను త్రెంచుకొనవలయుననియు, అందుకై సరిగా అయిదు గంటలకు గుర్తింపు కార్డుతో వచ్చి హాజరు పట్టీలో సంతకము చేయవలయుననియు ఒకే కాగితముపై అచ్చువేయించిన ఆ కళాశాలవారి ధైర్యమునకు నమస్కరింపక యుండుట నా తరము కాకున్నది. చిత్రారంభమున నాయకుడు చేతిగడియారమును విప్పి నేలపై విసరివైచును. మన వీరులు ఆ సమయమున తమకు హాజరు పడినదో లేదో విచారించుకొనుచుండిరి.

1969లో డెన్నిస్ హాపర్ తీసిన యీ చిత్రమున అతడును పీటర్ ఫోండాయును మోటారుసైకిళ్లపై లాస్ ఏంజెలిస్ నుండి న్యూ ఆర్లియన్స్ ఉత్సవమునకు బయలుదేరుదురు. దారిఖర్చు కొకెయిన్ అమ్మిన సొమ్ము. దాచినచోటు పెట్రోలు ట్యాంకు. ముఖ్య అతిథి కాన్ బహుమతిని గూర్చి పలికెను గాని యీ పెట్టుబడిని గూర్చి పలుకలేదు. ఆవరణలో నిలిచిన బండ్లును తండ్రులు కట్టు కంతులమీదనే నడచుచున్నవి గదా!

నన్ను దహించినది మాత్రము విత్తనముల ఘట్టము. పట్టణములు విడిచివచ్చిన హిప్పీలు ఎండిన యిసుకనేలపై నడచుచు విత్తనములు వెదజల్లుదురు. వీరికి పంట పండితీరునని నాయకుడు అభయమిచ్చును. హాలంతయు చప్పట్లతో మారుమ్రోగెను. మనుమని చూడవచ్చి నా ప్రక్కన కూర్చున్న మా తనకల్లు మామ నా చెవిలో ననెను: "అల్లుడూ, పదును ల్యా, గొర్రు ల్యా, ఇత్తనం పైపైన చల్లుతాండారు. పిట్టలకు మేతేసినట్టుండాది గదా!"

ఆయనకు ప్రపంచ సినిమా తెలియదు. ఏటికి 550 మిల్లీమీటర్ల వానయైనను నమ్మకముగా పడని యెఱ్ఱనేలలో గుప్పెడు మట్టి తీసి పిసికి, అది ముద్దకట్టినగాని గొర్రు కట్టనివాడు. అప్పుచేసి తెచ్చిన చెనిక్కాయ విత్తనము మొలకెత్తి, పూతవేళ వాన మొగము చాటువేయగా, గట్టుమీద కూర్చుండి ఆకులు ముడుచుకొనుట చూచినవాడు. ఆయన బ్రదుకంతయు పరీక్షించిన నేలను ఆ బాలురు మూడు నిమిషములలో జయించిరి.

సిగ్గులేదా మనకు? తనకల్లునుండి బెంగుళూరికి మాకును ఒక బాట కలదు. పంట యెండిన యేట గిన్నెలు గోతములో మూటగట్టి, పసిబిడ్డను అవ్వ యొడిలో విడిచి, వాడు నిద్రలేవకమునుపే బస్సెక్కు ఆలుమగలను ఏ కళాశాలయు స్వేచ్ఛాసంచారులని కీర్తింపదు. వెనుకకు తిరిగివచ్చుటకు ఇల్లున్నవాని ప్రయాణము తిరుగుబాటట. తిండికై పోవువానిది వలసయట!

ధిక్కారమే కావలసినచో అంతదూర మేల? 1965 మే నెలలో దిగంబర కవులు తమ తొలి సంపుటిని హైదరాబాదున అర్ధరాత్రివేళ ఒక రిక్షా కార్మికునిచేత ఆవిష్కరింపజేసిరి. ఇచ్చట ముఖ్య అతిథి కారు దిగుటకే ఇరువురు తలుపు పట్టుకొనిరి.

తుదకు నాయకుడే, మనము సర్వము చెడగొట్టుకొంటిమని మిత్రునితో ఒప్పుకొనును. పిదప ఇరువురును రహదారిపై తుపాకిగుండ్లకు బలియగుదురు. అప్పటికి మనవారు వేదికయొద్ద ఫోటోలకై బారులు తీరిరి. మామ మాత్రము తెరవంకనే చూచుచు, "అయితే ఆ ఇత్తనాలు మొలిచినాయా అల్లుడూ?" అని యడిగెను. నేను బదులు చెప్పబోవునంతలో హాజరు పట్టీ మా యొద్దకు వచ్చెను.