వాకిలి మెకానిక్

పాత టర్బో కారును షెడ్డుకు పంపకుండా సొంత వాకిట్లోనే విప్పి, లోపం వెతికి, బిగించి, అంతటితో ఆగక మార్పులు కూడా చేసే గృహస్థును వాకిలి మెకానిక్ అనవచ్చు. ఇతనికి జీతం వేరే పనికి వస్తుంది. ఖర్చు ఈ పనికి అవుతుంది. హైదరాబాద్–వరంగల్ రహదారి పొడవునా కనిపించే ఈ రకం రఘునాథపల్లి వంటి మండల కేంద్రాల్లో మరీ ఏపుగా ఎదుగుతుంది. ఇంటిముందు బండి పట్టేంత జాగా, నాలుగడుగుల దూరంలో పంక్చర్ దుకాణం, సామాను కోసం రైలెక్కి సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయే వీలు, ఈ మూడూ అందుకు దోహదం చేస్తాయి.

ఇతని బండిని నంబరు ప్లేటుతో గుర్తుపట్టవచ్చు. ఏపీ 36 ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్ జిల్లా గుర్తు. 2014లో రాష్ట్రం మారింది. 2016లో రఘునాథపల్లి మండలం జనగామ జిల్లాలోకి వెళ్లింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఇన్ని కదిలినా వాకిట్లో బండి మాత్రం కదలలేదు. అది 1998లో వచ్చిన టాటా సఫారీ రకం కావచ్చు, 2002 నాటి మహీంద్రా స్కార్పియో రకం కావచ్చు. ఎక్కువమందికి ప్రీతిపాత్రమైనది డీజిల్ స్విఫ్ట్. 1,248 సీసీల ఆ ఫియట్ ఇంజన్నే టాటా ఇండికా విస్టాకూ, ఫియట్ పుంటోకూ పెట్టారు గనుక పాత సామానుకు కరువు లేదు. సామాను దొరక్కపోతే ఏదో ఒకనాటికి పని మానుకుంటారు. దొరుకుతూ ఉంటే ఆ పనికి అంతుండదు.

విషయ పరిజ్ఞానంలో ఇతణ్ని తప్పుపట్టలేం. టర్బోలో ఒకే ఇరుసుకు రెండు కొసలా రెండు చక్రాలుంటాయి. ఇంజన్ వదిలే వేడి పొగ ఒకదాన్ని తిప్పితే, రెండోది బయటి గాలిని కుదించి ఇంజన్‌లోకి నెడుతుంది. గాలి ఎక్కువ అందితే డీజిల్ కూడా ఎక్కువ కాల్చవచ్చు. చిన్న ఇంజన్ పెద్ద బరువు లాగుతుంది. ఆ ఇరుసు పల్చని ఆయిల్ పొర మీద తేలుతూ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడనీ, 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారుకు టర్బో ఎక్కిందనీ, 1978లో మెర్సిడెస్ డీజిల్ కారుకు వచ్చిందనీ ఇతను చాయ్ హోటల్లో అడగనివాళ్లకు కూడా చెబుతాడు. చాయ్ డబ్బులు ఇతనే ఇస్తాడు గనుక వినేవాళ్లు తగ్గరు.

రోగం పేరు ఎప్పుడూ ఒక్కటే: "బండి గుంజుతలేదు." దాన్ని వెతకడానికి ఒక వరస ఉంది. మొదట ఎయిర్ ఫిల్టర్, తర్వాత గాలి పైపులూ వాటి క్లిప్పులూ, ఆపైన సన్నని వాక్యూం గొట్టాలు, ఈజీఆర్ వాల్వు, సెన్సర్లు, అన్నీ అయ్యాక టర్బో. అగ్గువైనది ముందు, పిరమైనది చివర. వాకిలి మెకానిక్‌కు ఈ వరస కంఠతా వచ్చు, ఇతరులకు చెప్పడానికి. తన బండి దగ్గరికి వచ్చేసరికి, ఇంట్లో పాలు విరిగినా కొత్త కోడలి మీదికి పోయినట్టు అనుమానం నేరుగా టర్బో మీదికే పోతుంది. దాన్ని విప్పి, చక్రాన్ని వేళ్లతో పక్కకు ఊపి చూస్తాడు. కొంచెం కదులుతుంది. కదలాలి కూడా, ఆయిల్ నిండటానికి బేరింగ్‌లో ఆ ఖాళీని కావాలనే ఉంచుతారు. ఇరుసు ముందుకూ వెనక్కూ ఆడితేనో, చక్రం గోడకు రాసుకుంటేనో భయపడాలి. ఇతను అంతదాకా ఆగడు. "టర్బో పోయింది" అని ప్రకటించి, మర్నాడు రాణిగంజ్ రైలెక్కుతాడు.

పొగ చదవడంలోనూ దిట్ట. నల్ల పొగ వస్తే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే డీజిల్ కాలకుండా పోతోంది, లేదా కూలెంట్ లోపలికి చేరుతోంది. చదివింది సరిపోలేదనుకుంటే బ్లూటూత్ స్కానర్ తగిలిస్తాడు. ఫోన్‌లో పీ0299 అని వస్తుంది. ఆ అంకెకు అర్థం ఉండవలసినంత ఒత్తిడి లేదని మాత్రమే. గాలి ఎక్కడ పోతోందో అది చెప్పదు. బండి గుంజకపోవడానికి ఒక కారణం కంప్యూటరే. లోపం కనిపెట్టి ఇంజన్ చెడకుండా బలం తగ్గించేస్తుంది. ఇతను కోడ్ చెరిపేసి, లోపం పోయిందంటాడు. పరీక్ష కోమళ్ల టోల్‌గేటు వైపు సాగి, డబ్బు కట్టవలసిన చోటికి ముందే ముగుస్తుంది. తిరిగి వచ్చేసరికి పీ0299 మళ్లీ హాజరు.

చివరకు లోపం దొరికేది పంక్చర్ దుకాణం వల్లే. ఫిల్టర్ వైపు పైపు మూతి బిగించి మూసి, ట్యూబు వాల్వు పెట్టి, 15 పాయింట్లకు మించకుండా గాలి ఎక్కించి, పైపుల మీద సబ్బు నురుగు పూస్తే చాలు. బుడగలు లేచిన చోట చిల్లు. చాలాసార్లు అది ఇంటర్‌కూలర్ పైపు అడుగున, చూపు ఆనని చోట, కిందటిసారి ఇతనే విప్పి సరిగా బిగించని క్లిప్పు దగ్గర ఉంటుంది. దుకాణం పిల్లవాడు, "గాలి ఈడికెంచి పోతుందన్నా" అంటాడు. రాణిగంజ్ టర్బో అప్పటికే బండికి ఎక్కి ఉంటుంది.

లోపం తీరిన నాడే మార్పులు మొదలవుతాయి. మొదటిది ఈజీఆర్‌కు రేకు బిళ్ల. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపి నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించేది ఈజీఆర్. దాన్ని మూస్తే లోపల మసి తగ్గుతుంది, ఊరి గాలిలో విషం పెరుగుతుంది, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. రెండోది శంఖం ఆకారపు ఫిల్టర్. బానెట్ కింది వేడి గాలిని పెద్ద చప్పుడుతో పీలుస్తుంది. మూడోది బ్లో ఆఫ్ వాల్వు. యాక్సిలరేటర్ వదలగానే గాలి తలుపు మూసుకునే పెట్రోల్ టర్బోకు దాని అవసరం ఉంది. ఈ పాత డీజిళ్లలో ఆ తలుపు అలా మూసుకోదు గనుక అవసరం లేదు. అయినా ‘చిస్స్’ మనే చప్పుడు కోసం పెడతాడు. విప్పిన కంపెనీ సామానంతా యూరియా సంచిలోకి, సంచి మెట్ల కిందికి చేరుతుంది.

ఇంటివాళ్లకు తలా ఒక ఉద్యోగం ఉంటుంది. కొడుకు టార్చి పట్టాలి; ఎక్కడ పట్టినా "ఆడ గాదు, ఈడ పట్టు" అనిపించుకోవాలి. వేడెక్కిన టర్బోలో ఆయిల్ మాడకుండా ఇంజన్‌ను ఒకటి రెండు నిమిషాలు ఊరకే తిరగనిచ్చి ఆపడం మంచిదే. ఇతను దాన్ని అరగంట చేస్తాడు గనుక పక్కింటివాళ్లు దండెం మీది బట్టలు తీసుకోవాలి. ఇల్లాలిది ఒక్కటే ప్రశ్న: "ఈ పెండ్లికన్న బండ్ల పోతమా, బస్సేనా?" జవాబూ ఒక్కటే: "గొక్క క్లిప్పు బిగిస్తె అయిపాయె." పెండ్లికి బస్సులోనే వెళతారు.

చట్టం ఇతణ్ని మరచిపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండి చూపించి పొడిగించుకోవాలి. ఆ తేదీ దగ్గరపడగానే యూరియా సంచి బయటికి వస్తుంది. శంఖం ఫిల్టర్ దిగుతుంది, పాత డబ్బా ఎక్కుతుంది. రేకు బిళ్ల ఊడుతుంది, ‘చిస్స్’ ఆగుతుంది. బండి కంపెనీ ఇచ్చిన తీరుకు వస్తుంది, విచిత్రంగా బాగా గుంజుతుంది కూడా. పరీక్ష నెగ్గిన వారానికి మళ్లీ విప్పుతాడు.

ఈ రకం మనిషి అమ్మే బండి కొనడంలో పెద్ద నష్టం లేదు. ఇంజన్ ఆయిల్ వేళకు మారి ఉంటుంది, ప్రతి బోల్టూ ఇటీవలే విప్పి ఉంటుంది. కొనేవారు ధర తేల్చుకునే ముందు క్లిప్పులన్నీ బిగించి చూసుకోవాలి, మెట్ల కింది సంచిని కూడా బేరంలో కలుపుకోవాలి.